పరిశోధన సమస్య: ఎంపిక, నిర్వచనము

పరిశోధన యనగానే గ్రంథాలయములలో పాత గ్రంథములను తిరుగవేయుట, శాసనములకు ప్రతులు తీయుట, ఊరూర తిరిగి పాటలను సామెతలను సేకరించుట మనస్సునకు తోచును. ఇవి యన్నియు పరిశోధనకు కావలసిన పనులే. అయినను వీని కన్నింటికి ముందు జరుగవలసిన పని యొకటి కలదు. ఇంత శ్రమయు దేనిని తెలిసికొనుటకు అను ప్రశ్నకు స్పష్టమైన సమాధానము చెప్పుకొనుటయే ఆ పని. విశ్వవిద్యాలయమున పట్టమునకై పరిశోధించు విద్యార్థికిని, సంఘసభలో చదువుటకు వ్యాసము వ్రాయు గృహస్థునకును ఈ తొలిమెట్టు సమానమే. ఇది తప్పినచో ఎన్ని సంవత్సరములు శ్రమించినను సామగ్రి పోగగును గాని ఫలితము చేకూరదు.

పరిశోధకుడు తెలిసికొనగోరు ప్రశ్నకే పరిశోధన సమస్య యని పేరు. తెలుగువారికి సమస్య యనగానే అవధానము జ్ఞప్తికి వచ్చును. అవధానమున పృచ్ఛకుడు తుదిపాదము నిచ్చును; దానికి పొసగునట్లు తక్కిన పాదములను కూర్చుట అవధాని నేర్పు. పరిశోధన సమస్య సరిగా దీనికి విపర్యయము. ఇందు తొలిపాదములు, అనగా ఆధారములు, ముందుగా చేతికి రావలెను. తుదిపాదము ఎట్లుండునో పరిశోధకునకు ముందు తెలియరాదు. ఈ భేదమును గుర్తించినవారికి సమస్యను ఎన్నుకొను పద్ధతి సగము తెలిసినట్లే.

వస్తువు వేరు, సమస్య వేరు

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాములలో తరతరములుగా నివసించు తెలుగువారిని గూర్చి వ్రాయదలచినవారు తరచుగా “తమిళనాట తెలుగువారు”, “మహారాష్ట్రమున ఆంధ్ర సంస్కృతి” వంటి శీర్షికలతో ప్రారంభింతురు. ఇవి వస్తువులు, సమస్యలు కావు. 2011 జనాభా లెక్కలలో తెలుగు తమ మాతృభాష యని చెప్పినవారు తమిళనాట సుమారు 42 లక్షలు, కర్ణాటకమున సుమారు 36 లక్షలు, మహారాష్ట్రమున సుమారు 13 లక్షలు, ఒడిశాలో సుమారు 7 లక్షలు. ఇందరి చరిత్రను, భాషను, వృత్తులను, ఆచారములను ఒక్క వ్యాసమున ఇముడ్చబూనినచో ప్రతి విషయమును గూర్చి నాలుగేసి వాక్యములు మాత్రమే వ్రాయ వీలగును. ఆ నాలుగు వాక్యములును సాధారణముగా అంతకు మునుపు మరియొకరు వ్రాసినవే యగును.

వస్తువు సమస్యగా మారుటకు దానిని ప్రశ్నారూపమున పెట్టవలెను. కాని ప్రశ్నలన్నియు పరిశోధన సమస్యలు కావు. “తెలుగు తీయని భాష యేల?” అనునది అభిరుచికి చెందిన ప్రశ్న. “తెలుగు పిల్లలకు తెలుగు నేర్పవలెనా?” అనునది కర్తవ్యమునకు చెందిన ప్రశ్న. రెండవదానికి సమాధానము ప్రతి కుటుంబమును, ప్రతి సంఘమును నిశ్చయించుకొనవలసినదే గాని ఆధారములను పోగుచేసి తేల్చదగినది కాదు. “ఒక ఊరిలో తెలుగు మాటాడు ఇండ్లలో మూడవ తరము పిల్లలు తాతమ్మలతో ఏ భాషలో మాటాడుచున్నారు?” అను ప్రశ్న అట్లు కాదు. దానికి సమాధానమును చూచి, విని, లెక్కించి చెప్పవచ్చును. మరియొకరు అదే ఊరికి పోయి ఆ సమాధానము సరియో కాదో పరీక్షింపవచ్చును. ఇట్టి ప్రశ్నయే పరిశోధనకు అర్హమైనది.

సమస్య ఎచ్చట పుట్టును?

మంచి సమస్యకై దూరము పోనక్కరలేదు. ప్రథమముగా అది నిత్యము చేయు పనిలో ఎదురగు చిక్కునుండి పుట్టును. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. ఆ పట్టణము నేడు ఒడిశాలో నున్నది. చుట్టునున్న కొండలలోని సవరలకు విద్య చెప్పదలచినప్పుడు వారి భాషలో వాచకములు లేని చిక్కు వారికి ఎదురయ్యెను. ఈ భాష నియమములేవి, దీనిని ఎట్లు వ్రాయవలెను అను ప్రశ్నలు అందుండి పుట్టినవి. వానికి సమాధానముగా సవర భాషా వ్యాకరణము 1931లో వెలువడినది. జనుల నోటి తెలుగునకును పాఠ్యపుస్తకముల తెలుగునకును ఇంత భేదమేల యని 1907లో పాఠశాలల పరీక్షాధికారి జె. ఏ. యేట్సు దొర అడిగిన ప్రశ్నయు తరగతి గదిలోని చిక్కు నుండియే వచ్చినది. పంతులుగారు దానిని చేపట్టి పూర్వగ్రంథములలోని ప్రయోగములను ఏళ్ల తరబడి పరిశీలించిరి. వ్యావహారిక భాషోద్యమమునకు ఆ ప్రశ్నయే బీజమైనది.

రెండవది, పూర్వులు చేసిన పనిలో మిగిలిన ఖాళీ. మహారాష్ట్రమున సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ గ్రామమును గూర్చి జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ అను పండితులు 1971లో ప్రకటించిన వ్యాసము భాషాశాస్త్రజ్ఞులలో ప్రసిద్ధి కెక్కినది. తరతరములుగా ఒకే ఊర కలిసి బ్రతికిన ఉర్దూ, మరాఠీ, కన్నడములు మాటలను వేరుగా నుంచుకొనియు వాక్యనిర్మాణమున ఒకదాని కొకటి ఎంత దగ్గరైనవో వారు చూపిరి. ఆ ఊర తెలుగు మాటాడువారును ఉండిరి. కాని అందు పోలికకు ప్రధానముగా గ్రహింపబడినవి మూడు భాషలే. నాలుగవదగు తెలుగునకు అట్టి మార్పు కలిగినదా యను ప్రశ్న తెలుగు తెలిసిన పరిశోధకునకు సహజముగా తోచును. అట్లే గ్రియర్సన్ ఆధ్వర్యమున 1906లో వెలువడిన భారత భాషా సర్వేక్షణము నాలుగవ సంపుటమున కామాఠీ, వడరి, దాసరి మున్నగు పేర్లతో తెలుగు మాండలికముల నమూనాలు కలవు. నూరేండ్లకు పైబడిన ఆ నమూనాలను నేటి వాడుకతో పోల్చుట మరియొక సమస్య.

మూడవది, అందరును చెప్పుకొను మాటపై కలుగు సందేహము. 1929 నాటి శారదా చట్టము 1930లో అమలులోనికి వచ్చిన పిమ్మట, ఫ్రెంచి పాలనలోని యానామునకు ఆ చట్టము వర్తింపకుండుటచే, చుట్టుపట్టుల ఆంగ్లేయ జిల్లాలవారు అచ్చటికి పోయి బాల్యవివాహములు జరిపించెడివారని వాడుక. ఈ మాటను అట్లే తిరిగి వ్రాయుట పరిశోధన కాదు. అట్లు వచ్చి జరిపించిన వివాహములు ఎన్ని, ఏ ఏండ్లలో అధికము, బయటివారి వివాహములు ఫ్రెంచి ప్రభుత్వపు పౌర నమోదు పుస్తకములలో ఎక్కెడివా అని అడుగుటతో పరిశోధన ప్రారంభమగును.

వలస గాథల విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. తమిళనాట దక్షిణ జిల్లాలలోని తెలుగు కుటుంబములు పలువురు తమ పూర్వులు ఒక కన్య మానరక్షణకై ఉత్తరము నుండి పరుగెత్తి వచ్చిరనియు, ఏరు దాటునప్పుడు ఒడ్డున నున్న చెట్టు వంగి దారి యిచ్చినదనియు చెప్పుకొందురు. తెలుగు మాతృభాషగా గల తమిళ రచయిత కి. రాజనారాయణన్ తన “గోపల్ల గ్రామం” నవలలో (1976) ఇట్టి గాథను కథావస్తువుగా గ్రహించెను. ఈ గాథను పట్టుకొని వలస జరిగిన సంవత్సరమును నిర్ణయింపబూనుట వ్యర్థము. ఆ ప్రశ్నకు సమాధానమిచ్చు శక్తి ఆ ఆధారమునకు లేదు. కాని “మూడు ఊళ్లలోని కుటుంబములు ఈ గాథను చెప్పుటలో ఏ యే అంశములు మారినవి, ఏవి మారలేదు?” అను ప్రశ్నకు అదే గాథ మేలైన ఆధారము. ఆధారము చెడ్డది కాదు. దానిని అడిగిన ప్రశ్న తగినదో కాదో చూడవలెను.

హద్దులు గీయుట

సమస్యను ఎన్నుకొన్న పిమ్మట దానికి హద్దులు గీయవలెను. ఎచ్చట, ఎప్పుడు, ఎవరు, ఏమి అను నాలుగు ప్రశ్నలు వేసికొనినచో హద్దులు వాటంతట అవే తేలును. ఒక ఉదాహరణమును మొదటినుండి తుదివరకు నడిపి చూడవచ్చును.

సోలాపూరు పట్టణమున తెలంగాణమునుండి పోయి స్థిరపడిన పద్మశాలి కుటుంబములు నేతవృత్తిలో పేరుగాంచినవి. “సోలాపూరు తెలుగువారు” అనునది వస్తువు. “సోలాపూరు తెలుగువారి భాష” అన్నచో కొంత తగ్గినది గాని ఇంకను వస్తువే. “సోలాపూరు తెలుగు నేతగాండ్ర వృత్తిపదములు” అన్నచో చేతికి అందు పరిమాణమునకు వచ్చినది. ఇప్పుడు పూర్వులు చేసిన పనిని చూడవలెను. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశమున మొదటి సంపుటము (1962) వ్యవసాయ పదములకును, రెండవ సంపుటము (1971) చేనేత పదములకును చెందినవి. తెలుగు పదములన్నిటిని ఒక్కమారుగా సేకరింపబూనక, ఒక్కొక్క వృత్తిని వేరుగా గ్రహించి, జిల్లాలవారీగా పదభేదములను నమోదు చేయుట ఆ పని గొప్పదనము. హద్దు గీచుటచే పని చిన్నది కాలేదు, స్థిరమైనది.

ఆ కోశము రాష్ట్రపు ఎల్లలలోనిది. ఎల్లలు దాటి పోయిన నేతగాండ్ర పదములు అందులేవు. కావున ప్రశ్న ఇట్లు రూపొందును: మగ్గము, పడుగు, పేక, నాడె, కండె వంటి పదములలో సోలాపూరు వృద్ధుల నోట ఏవి నిలిచియున్నవి? నాడె అనుచోట మరాఠీలోని ధోటా అను పదము చేరినదా? చేరినచో పనిముట్ల పేళ్లలో మాత్రమే చేరినదా, పనులను తెలుపు క్రియలలోను చేరినదా? చేతిమగ్గముల స్థానమున మరమగ్గములు వచ్చిన పట్టణమున చేతిమగ్గపు పదములు వృద్ధుల జ్ఞాపకముననే మిగులును. కావున ఎవరు అను ప్రశ్నకు సమాధానము “చేతిమగ్గముపై స్వయముగా పనిచేసిన వృద్ధులు” అని తేలును. వారి పిల్లలను కూడ చేర్చిన యెడల అది వేరొక సమస్య యగును.

స్థలపు హద్దును గీయునప్పుడు పాలనా విభాగముల మార్పులను మరువరాదు. హోసూరు 1965 వరకు సేలము జిల్లాలోను, అటుపిమ్మట 2004 వరకు ధర్మపురి జిల్లాలోను, ఆ పిమ్మట కృష్ణగిరి జిల్లాలోను చేరినది. బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. తిరుత్తణి 1960లో ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమునకు పోయినది. 1936లో ఒరిస్సా యేర్పడినప్పుడు గంజాము, పర్లాకిమిడి ప్రాంతములు అందు కలిసినవి. “కృష్ణగిరి జిల్లాలో యాబదియేండ్ల తెలుగు విద్య” అని శీర్షిక పెట్టినవాడు పాత లెక్కలను ఏ జిల్లా పేరిట వెదకవలెనో ముందే తెలిసికొననిచో సగము ఆధారములను పోగొట్టుకొనును.

మాటలకు అర్థము నిర్ణయించుట

సమస్యను చెప్పు వాక్యమున గల ముఖ్యమైన మాటలకు పరిశోధకుడు తాను గ్రహించిన అర్థమును మొదటనే చెప్పవలెను. “తెలుగువాడు” అను మాటయే ఇందుకు చాలిన నిదర్శనము. పైన చెప్పిన 42 లక్షల సంఖ్య జనాభా లెక్కలలో మాతృభాష తెలుగని చెప్పినవారిది. తెలుగు వంశమున పుట్టియు తమిళమే మాతృభాషగా వ్రాయించుకొనినవారు ఆ సంఖ్యలో లేరు. ఇంట తెలుగు మాటాడుచు లిపి తెలియనివారు అందున్నారు. వంశమును బట్టి లెక్కించినవారికి ఒక సంఖ్యయు, ఇంటి భాషను బట్టి లెక్కించినవారికి మరియొక సంఖ్యయు, చదువు వచ్చినవారిని మాత్రమే లెక్కించినవారికి వేరొక సంఖ్యయు తేలును. ఈ మూడింటిలో ఏది తప్పు, ఏది ఒప్పు అని వాదించుట నిష్ప్రయోజనము. ఏ అర్థమున లెక్కించిరో చెప్పకుండ సంఖ్యను ప్రకటించుటయే దోషము. సభలలో ఒకరు చెప్పిన సంఖ్య మరియొకరి సంఖ్యతో పొసగకపోవుటకును, అధికారులు రెండింటిని త్రోసివేయుటకును ఈ దోషమే తరచుగా కారణమగును.

తుదిపాదము ముందే వ్రాసికొనరాదు

అల్పసంఖ్యాక భాషా సమాజములలో పరిశోధన కేవలము విద్యావినోదము కాదు. దాని ఫలితమును బట్టి వినతిపత్రములు వ్రాయబడును. బడులు నిలుచును, లేక మూతపడును. 1956లో ఏడవ సవరణము ద్వారా రాజ్యాంగమున చేరిన 350–ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. ఈ సౌకర్యమును కోరువారు పిల్లల సంఖ్యను, బడుల స్థితిని చూపవలసియుండును. అందుచేతనే తుదిపాదమును ముందే వ్రాసికొను ప్రలోభము ఇట్టిచోట అధికము.

తమిళనాట 2006లో చేయబడిన తమిళ అభ్యసన చట్టము 2006–07లో ఒకటవ తరగతితో ప్రారంభించి ఏటేట పై తరగతికి పదవ తరగతి వరకు తమిళమును నిర్బంధ పాఠ్యముగా చేయుటకు ఏర్పాటు చేసినది. “ఈ చట్టమువలన తెలుగు బడులు క్షీణించిన విధము” అని ఒకడు శీర్షిక పెట్టుకొనినాడనుకొందము. అతడు ప్రశ్న వేయలేదు. సమాధానమునే శీర్షికగా పెట్టుకొనినాడు. దానిని ఇట్లు మార్పవలెను: “హోసూరు ప్రాంతమున ఎన్నుకొన్న ఐదు బడులలో 1996 నుండి 2016 వరకు ఒకటవ తరగతిలో తెలుగు మాధ్యమమున చేరిన పిల్లల సంఖ్య ఎట్లు మారినది? 2006కు ముందరి పది యేండ్ల మార్పునకును, తరువాతి పది యేండ్ల మార్పునకును భేదమేమి?”

ఇట్లడిగినప్పుడు మూడు విధముల సమాధానములకు అవకాశము కలదు. 2006 తరువాత సంఖ్య హఠాత్తుగా పడిపోయెనని తేలవచ్చును. అంతకు ముందునుండియే తగ్గుచుండెననియు తేలవచ్చును. కొన్ని బడులలో తగ్గి కొన్నిట నిలిచియుండెననియు తేలవచ్చును. రెండవ సమాధానము వచ్చినచో ఆంగ్లమాధ్యమపు ఆకర్షణ, కుటుంబములలో పిల్లల సంఖ్య తగ్గుట, ఉపాధ్యాయుల ఖాళీలు మున్నగు కారణములను విచారింపవలసియుండును. మూడవది వచ్చినచో నిలిచిన బడులు ఏల నిలిచినవో తెలిసికొనుట మిగుల ప్రయోజనకరము. పరిశోధకుడు తన మనస్సునకు రుచింపని సమాధానమునకు కూడ చోటిచ్చునట్లు ప్రశ్నను కూర్పవలెను. చట్టమే కారణమని ముందుగా నిశ్చయించి వ్రాసినవాని వినతిని ఒక్క హాజరుపట్టీ చూపి కొట్టివేయవచ్చును. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. రోగమొకటి యుండగా మందు మరియొకదానికి వాడినట్లు, అసలు కారణము తెలియక బడి ఖాళీ యగును.

శక్తి, అవకాశము

సమస్య ఎంత మంచిదైనను అది పరిశోధకుని శక్తికి, కాలమునకు, చేతి వ్యయమునకు లోబడియుండవలెను. కావలసిన పత్రములు ఎచ్చటనున్నవి, వానిని చూచుటకు అనుమతి దొరకునా, వానిని చదువుటకు ఏ భాషలు, ఏ లిపులు రావలెను అని ముందే విచారించుకొనవలెను. యానాము దస్తరములకు ఫ్రెంచి కావలెను. తెలుగు మాత్రమే తెలిసినవానికి అవి మూగవి. దీనికి మారుగా, రెండు భాషల నడుమ పెరిగినవారికి ఇతరులకు లేని సౌలభ్యము కలదు. కర్ణాటకమున కైవార నారాయణప్ప గారు కన్నడమునందును తెలుగునందును తత్త్వములు రచించిరి. ఆ తెలుగు తత్త్వములను కన్నడ లిపిలో చదివి పాడువారు కలరు. కన్నడ లిపిలో లిఖించిన తెలుగు పాఠమునకును, నోటి పాఠమునకును గల భేదములను పరిశీలింప దలచినచో రెండు లిపులును వచ్చిన కోలారు, చిక్కబళ్ళాపురము ప్రాంతముల తెలుగువాడే అందుకు తగినవాడు.

జనులను అడిగి తెలిసికొను పరిశోధనలో వారి సమ్మతి ప్రధానము. మాటలను యంత్రమున నమోదు చేయుటకు ముందు దానిని దేనికి వాడుదురో చెప్పవలెను. కులము, పేదరికము, కుటుంబ కలహములను గూర్చి చెప్పినవారి పేళ్లను ప్రకటింపరాదు. ఇంటి పెద్దల నమ్మకమును పోగొట్టుకొనిన పరిశోధకుని వెనుక వచ్చువారికిని ఆ ఇంటి తలుపులు మూతపడును.

సమస్యను వ్రాసిపెట్టుట

ఇంతవరకు ఆలోచించిన దానిని ఒక పుటకు మించకుండ వ్రాసిపెట్టవలెను. సోలాపూరు ఉదాహరణమున ఆ వ్రాత ఇట్లుండవచ్చును: “సోలాపూరులోని ఒక పేటలో చేతిమగ్గముపై కనీసము పదియేండ్లు పనిచేసిన, 70 ఏండ్లు దాటిన తెలుగు నేతగాండ్ర వాడుకలో నేత పనిముట్లను, పనులను తెలుపు తెలుగు పదములలో నిలిచినవేవి, మరాఠీ పదములకు చోటిచ్చినవేవి అని తెలిసికొనుట ఈ పరిశోధన సమస్య. తెలుగు పదమనగా 1971 పదకోశమున ఏ జిల్లా పేరిటనైనను నమోదైన పదము. మరమగ్గపు పదములు, రంగుల పేళ్లు, వ్యాపారపు మాటలు ఇందు చేరవు. పనిముట్లను గాని వాని బొమ్మలను గాని చూపి పేళ్లు చెప్పించి సేకరింపబడును.”

ఈ కొద్ది వాక్యములలో స్థలము, జనులు, పదార్థ నిర్వచనము, విడిచిపెట్టినవి, సేకరణ విధానము అన్నియు కలవు. దీనిని చదివిన మరియొకడు ఇదే పనిని భివండిలోగాని సూరతులోగాని చేసి రెండు ఫలితములను పోల్పవచ్చును. పరిశోధకుడు పని నడుమ దారి తప్పినప్పుడు ఈ పుటయే అతనిని వెనుకకు తెచ్చును. పనిలో ప్రశ్న మారవలసివచ్చినచో మార్పవచ్చును. కాని మార్చినట్లు వ్రాసికొని, అంతవరకు సేకరించినది క్రొత్త ప్రశ్నకు పనికివచ్చునో లేదో మరల పరిశీలింపవలెను.

ఎల్లలకు వెలుపల నున్న తెలుగువారి ఆధారములలో అధికభాగము అచ్చులో లేదు. అది వృద్ధుల నోటను, బడుల ప్రవేశ పుస్తకములలోను, ఇంటి అటకలపై నున్న ఉత్తరములలోను, సంఘముల సమావేశపు నమోదులలోను ఉన్నది. వీనిలో ప్రతి యేటను కొంత నశించుచున్నది. అన్నిటిని సేకరించు శక్తి ఏ ఒక్క సంఘమునకును లేదు. కావున దేనిని ముందు అడుగవలెనో నిర్ణయించు ప్రశ్న అవసరము. తెలుగు సంఘములు తమ ప్రాంతపు పరిశోధన సమస్యలను ఇట్లే ఒక్కొక్క పుటలో వ్రాయించి, పని జరుగకముందే తమ సంచికలలో ప్రకటింపవచ్చును. వ్రాసినవాడు దానిని పూర్తిచేయలేకపోయినను, వేరొక ఊరి విద్యార్థి చేపట్టును. వృద్ధుల నోటి మాట వినదగిన సమస్యలను ఆ జాబితాలో మొదట చేర్పవలెను. కాగితము మీద నున్నవి మరికొంత కాలము వేచియుండగలవు.